తోలు, కొమ్ము, రశీదు: ఉత్తర తెలంగాణ జాతరల్లో వింత వస్తువుల కొట్టు

దుడ్డె చనిపోయిన బర్రె చేపదు, అంటే పొదుగులోకి పాలు దింపదు. పాడి మీద బతికే ఇంటికి అది పెద్ద కష్టం కాబట్టి, వెనుకటి రోజుల్లో చచ్చిన దుడ్డె తోలును ఒలిపించి, ఉప్పు పట్టించి ఆరబెట్టి, లోపల ఎండుగడ్డి కూరి కుట్టి, పాలు పిండే వేళకు బర్రె ముందు నిలబెట్టేవారు. బర్రె ఆ బొమ్మను నాకుతూ చేపేది. టాక్సిడెర్మీ అని నేడు పిలుస్తున్న విద్యలోని మూల సూత్రమంతా ఆ గడ్డి దుడ్డెలోనే ఉంది. తోలు కుళ్లకుండా నిలపడం, లోపల పోయిన ఒడలికి బదులు మరొకటి పెట్టడం, చూసే కంటికి ప్రాణమున్నట్టు అనిపించేలా నిలబెట్టడం అనే మూడు పనులూ పల్లెకు తెలిసినవే. కొత్తగా వచ్చిందల్లా వాటిని గాజుపెట్టెలో పెట్టి, చిన్న బండిలో వేసుకొని, జాతర నుంచి జాతరకు తిప్పి అమ్మాలన్న ఆలోచన.

తెల్లగా శుభ్రం చేసిన మేక పుర్రెలు, నిలబెట్టిన నాటుకోడి పుంజులు, కొమ్ముతో చేసిన దీపాలు, దసలి (టస్సర్) పట్టుగూళ్ల దండలు, పుట్టుకలోనే చనిపోయిన రెండు తలల మేకపిల్ల వంటివి ఇటువంటి కొట్టులో ఉండదగిన సరుకు. ఈ సరుకు మీద జనానికి ఆసక్తి ఉంటుందా అన్న సందేహం అక్కరలేదు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంకు వెళ్లినవారు ఎన్నో శిల్పాలను దాటుకుంటూ ఈజిప్టు మమ్మీ ఎక్కడుందని అడుగుతారు. ఆసక్తి ఉన్నచోట వ్యాపారం నడవడం కష్టం కాదనిపించవచ్చు. కానీ ఈ వ్యాపారం నిలబడడం, మునగడం చేతి పనితనం మీద కన్నా, జనం రద్దీ మీద కన్నా, బల్ల మీదున్న ప్రతి వస్తువూ ఎక్కడి నుంచి వచ్చిందో కాగితంతో చూపగలగడం మీద ఎక్కువగా ఆధారపడి ఉంది. ఉత్తర తెలంగాణలో ఈ మాట మరింత నిజం, ఎందుకంటే ఇక్కడి పెద్ద జాతరల దారులు చాలావరకు అడవి గుండానే పోతాయి.

ముందు కాలెండరు సంగతి చూడాలి. ఐనవోలు మల్లన్న, కొత్తకొండ వీరభద్రుడు సంక్రాంతికి కదులుతారు. కొమురవెల్లి మల్లన్న దగ్గర సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు కిక్కిరిసి ఉంటాయి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా, మాఘ పున్నమి ప్రాంతంలో రెండేళ్లకోసారి మేడారం, శివరాత్రికి వేములవాడ, కురవి జరుగుతాయి. హైదరాబాద్ నాంపల్లిలో 1938లో మొదలైన నుమాయిష్ కూడా జనవరి 1 నుంచే సాగుతుంది. అంటే ఏడాది గిరాకీలో పెద్ద భాగం సంక్రాంతికీ ఉగాదికీ నడుమ ఇరుక్కుపోయి ఉంది. ఒకే వారంలో రెండు మూడు చోట్ల జనం ఉంటారు, బండి మాత్రం ఒకటే. పైగా మేడారం 2024లో జరిగింది, తిరిగి 2026లో వచ్చింది. నడుమ ఏడు ఆ ఆదాయం లేకుండానే గడవాలి. మేడారంలో వచ్చిన డబ్బును రెండేళ్లకు పంచి చూసుకోని వ్యాపారి రెండో ఏడు అప్పు చేయక తప్పదు.

తిరుగుడు వ్యాపారం ఈ నేలకు కొత్తది కాదు. చేర్యాల నకాషీలు గీసిన పటాలను కాకి పడగలవారు ముదిరాజుల ఊళ్లకు, కూనపులివారు పద్మశాలీల ఇళ్లకు తీసుకుపోయి, పటం విప్పి కథ చెప్పి తమకు రావలసింది తీసుకునేవారు. వారి దగ్గర అమ్మకానికి వస్తువు లేదు, చూపడమూ చెప్పడమే వారి వృత్తి. వింత వస్తువుల కొట్టు పెట్టేవారు వారి నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. మాటలేని పుర్రె ఎముకే అవుతుంది. మేకకు పై దవడ ముందు భాగంలో పళ్లు ఉండవని, అక్కడ గట్టి చిగురు మాత్రమే ఉంటుందని, కింది ఎనిమిది పళ్లను దానికి ఆనించి ఆకు తెంపుతుందని చెప్పినప్పుడు, ఏళ్లుగా మేకలు కాస్తున్నవారు కూడా వంగి చూస్తారు. పై పళ్లు ఎవరు పీకారని పిల్లలు అడిగేది అప్పుడే. ఆ ప్రశ్న పుట్టించలేని కొట్టుకు జాతరలో రెండో రోజు జనం రారు.

ఇక చట్టం. ఇక్కడ కొంత ఆగి మాట్లాడాలి, ఎందుకంటే ఈ రంగంలోకి ఉత్సాహంగా దిగే యువకులు ఎక్కువగా కాలు జారేది ఇక్కడే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం టాక్సిడెర్మీకి ఇచ్చిన నిర్వచనం ట్రోఫీ అనే మాటతో ముడిపడి ఉంది. ట్రోఫీ అంటే చట్టం చివరి జాబితాలైన షెడ్యూళ్లలో చేర్చిన అడవి జంతువు మొత్తం గానీ, దాని ఏ భాగం గానీ అని అర్థం. తోలు, కొమ్ము, ఎముక, వెంట్రుక, ఈక, గోరు, పన్ను, గుడ్డు అన్నీ అందులోకి వస్తాయి. కాబట్టి మేక, గొర్రె, కోడి వంటి పెంపుడు జంతువుల తోలునూ ఎముకలనూ శుద్ధి చేసి నిలబెట్టడం ఆ నిర్వచనం బయటే ఉంటుంది. ఆ గీత దాటిన మరుక్షణం పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. అడవిలో చచ్చి పడి ఉన్న జంతువైనా, రోడ్డు మీద బండి తగిలి చనిపోయిన గుడ్లగూబ అయినా, దాని దేహమూ అందులోని ప్రతి భాగమూ 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తి. చంపలేదు, దొరికింది మాత్రమే అన్న మాట అక్కడ పనికిరాదు. చెట్టు కింద రాలిన దుప్పి కొమ్ము, పొలం గట్టున ఏరిన ఏదుపంది ముల్లు కూడా ఆ లెక్కలోవే. 2022లో సవరించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన మార్పుల్లో షెడ్యూళ్లను ఆరు నుంచి నాలుగుకు తగ్గించి, మామూలు ఉల్లంఘనలకు గరిష్ఠ జరిమానాను 25 వేల నుంచి లక్ష రూపాయలకు పెంచారు. గట్టి రక్షణ ఉన్న జంతువుల విషయంలో మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, కనీసం 25 వేల జరిమానా ఉంటాయి. ఒక్క దుప్పి కొమ్ము అమ్మితే వచ్చే లాభం ముందు ఇది ఎంత పెద్ద మూల్యమో విడిగా చెప్పనక్కరలేదు.

నెమలి పింఛం ఒక్కటే ఇందులో మినహాయింపులా కనిపిస్తుంది. సహజంగా రాలిన తోక ఈకలను దేశంలో అమ్ముకోవడానికి చట్టం అడ్డు చెప్పలేదు, విదేశాలకు పంపడం మాత్రం నిషిద్ధం. అయితే రాలినదా పీకినదా అన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. రాలిన ఈక మొదలు ఎండి, శుభ్రంగా, గట్టిపడి ఉంటుంది. పీకిన ఈక మొదట్లో రక్తపు మరక గానీ మాంసపు పోగు గానీ మిగులుతుంది. కొట్టులో పింఛాలు పెట్టుకునేవారు మొదలు కత్తిరించకుండా ఉంచుకోవడం మంచిది. మొదలు కోసేసిన ఈకల కట్టను చూస్తే తనిఖీ చేసేవారికి అనుమానం పుట్టడం సహజం.

గడీల గోడల నుంచి దిగి వచ్చే పాత తలల సంగతి ఇంకా చిక్కుది. దేశ్‌ముఖ్‌ల ఇళ్లలో వేలాడిన దుప్పి తలలు, కణితి (సాంబారు జింక) కొమ్ములు ఇళ్లు కూలగొట్టినప్పుడు పాత సామాన్ల దుకాణాలకు చేరుతుంటాయి. మైసూరులో వాన్ ఇంగెన్ కుటుంబం 1900 ప్రాంతంలో మొదలుపెట్టి 1999లో మూసేసిన కర్మాగారం సంస్థానాధీశుల వేట జంతువులను నిలబెట్టి పేరు తెచ్చుకుంది. అటువంటి పని ఎంత గొప్పదైనా నేడు కొట్టులో పెట్టి అమ్మడానికి వీలు లేదు. పాత సొత్తు ఉన్నవారు ప్రకటించుకోవడానికి 2003లో 180 రోజుల గడువు ఇచ్చారు. యాజమాన్య ధ్రువపత్రం ఉన్నా సరే, అమ్మకం రూపంలో మరొకరికి బదలాయించడాన్ని 43వ సెక్షన్ నిషేధించింది. మా తాత కాలం నుంచి ఇంట్లో ఉందన్న మాట నమ్మి కొన్నవారు నేరంలో భాగస్వాములవుతారు. మరో ప్రమాదమూ ఉంది. ఆ రోజుల్లో తోలుకు పురుగు పట్టకుండా ఆర్సెనిక్ కలిపిన సబ్బు పూసేవారు. వంద ఏళ్లు గడిచినా ఆ విషం వెంట్రుకల మధ్య పొడిగా నిలిచే ఉంటుంది. అటువంటి తలను ఒట్టి చేతులతో దులపడం, పిల్లల చేత ముట్టించడం ఎంతమాత్రం తగదు.

జాతరలో ఈ కొట్టు పక్కనే మరో రకం బల్ల ఉంటుంది. గుడ్డ పరిచి, దాని మీద వేర్లు, రాళ్లు, గవ్వలు, వాటి మధ్య వెంట్రుకలున్న చిన్న ముద్దలు పెట్టి అమ్ముతారు. నక్క కొమ్ము అని పేరు చెప్పి, ఇంట్లో ఉంచితే కలిసివస్తుందని అంటారు. నక్కకు కొమ్ము ఉండదు. ఎముక ముక్క మీద నక్క తోలో కుక్క తోలో చుట్టి కుట్టిన మోసం అది, నిజంగా నక్క తోలే అయితే నేరం కూడా. హత్తాజోడీ అనే మొక్క వేరని చెప్పి అమ్మేది ఎండబెట్టిన ఉడుము జననాంగమని తేలింది. ఇంద్రజాల్ అని పటం కట్టి గోడకు తగిలించే మొక్క మొక్కే కాదు, సముద్రంలో పెరిగే పగడపు జాతి జీవి. ఉడుమునూ ఆ పగడాన్నీ మొదటి షెడ్యూల్లో ఉంచారు. వింతల కొట్టుకు వచ్చే కొనుగోలుదారు కూడా ముందుగా అడిగేది వీటినే. పిల్లవాడు రాత్రి ఉలిక్కిపడుతున్నాడు, నక్క కొమ్ము ఉందా అని ఒక తల్లి అడిగినప్పుడు లేదన్న ఒక్క మాటతో పంపడం కన్నా, అసలు అటువంటిదే లేదని నెమ్మదిగా చెప్పడం వ్యాపారి బాధ్యత. అక్కడ గోరంత మహిమ కలిపి చెబితే మేక కొమ్మే మూడింతల ధర పలుకుతుంది. ఆ ఆశకు లొంగిన రోజున కొట్టు కళ నుంచి మోసంలోకి జారుతుంది. జబ్బులకు మహిమల మందులని ప్రచారం చేయడాన్ని 1954 నాటి చట్టం నేరంగా చూస్తుందన్నది తర్వాతి మాట. ముందు, నమ్మి వచ్చిన తల్లిని మోసగించడం తప్పు.

ముడి సరుకుకు తెలంగాణలో కొరత లేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు అన్నింటికన్నా ఎక్కువగా, కోటీ 90 లక్షలకు పైగా, ఈ రాష్ట్రంలోనే ఉన్నాయి. అయినా మంచి పుర్రె దొరకడం అనుకున్నంత సులువు కాదు, కారణం తలకాయ కూర. ఇక్కడ తల పారేసే వస్తువు కాదు, ఇష్టంగా వండుకునేది. మటన్ దుకాణంలో తలను మంట మీద కాల్చి, బొచ్చు గీకి, భేజా కోసం కత్తితో నడినెత్తిన చీలుస్తారు. కాల్చిన తలలో కొమ్ములు పగులుతాయి, చీల్చిన పుర్రె అతుక్కోదు. కాబట్టి కాల్చకుండా, చీల్చకుండా తల ఇవ్వమని దుకాణదారుతో ముందే మాట్లాడుకొని, కూరకు పలికే ధర చెల్లించి తెచ్చుకోవాలి. మాంసం తీసి తిరిగి ఇస్తామని ఒప్పందం చేసుకుంటే ధర కొంత దిగుతుంది. కొమ్ములు మాత్రం చెత్తలోకి పోయేవే కాబట్టి చవకగా వస్తాయి. కొమ్ము దీపాలు, గుండీలు, దువ్వెనలు పుర్రెల కన్నా ముందుగా లాభం చూపడానికి కారణం ఇదే.

తెచ్చిన తలను ఉడకబెట్టకూడదు. ఉడికితే కొవ్వు కరిగి ఎముకలోకి ఇంకి, ఎంత తెల్లగా చేసినా కొన్ని నెలలకు పసుపు రంగు బయటికి వస్తుంది. మాంసం, భేజా తీసేసి, మూత ఉన్న బకెట్లో మామూలు నీళ్లలో ముంచి, ఇంటికి దూరంగా ఉంచాలి. ఎండాకాలంలో రెండు మూడు వారాల్లో మిగిలిన కండ తానే ఊడిపోతుంది. ఆ వాసన ఎటువంటిదో ముందే తెలిసి ఉండడం మంచిది, ఇరుగుపొరుగు ఉన్న వాడలో ఈ పని పెట్టుకోవడం న్యాయం కాదు. ఒక రోజున కొమ్మును పట్టి తిప్పితే తొడుగు మెత్తగా కదిలి, లోపలి ఎముక మీద నుంచి ఒరలోంచి కత్తి వచ్చినట్టు వచ్చేస్తుంది. దాన్ని కడిగి ఆరబెట్టి, చివరలో తిరిగి అతికించాలి. తర్వాత గోరువెచ్చని సబ్బు నీళ్లలో కొన్ని వారాలు, నీళ్లు మసకబారినప్పుడల్లా మారుస్తూ, కొవ్వు వదిలించాలి. ఆపైన మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఒకటి రెండు రోజులు ఉంచితే ఎముక తెల్లబడుతుంది. తొందరపడి బ్లీచింగ్ పౌడర్ వాడితే ఎముక పొడి రాలి గుల్లబారుతుంది. ఊడిన పళ్లను నీళ్లు పారబోసేటప్పుడు జల్లెడలో పట్టి, ఏది ఏ గుంటలోదో చూసి అతికించాలి. మొత్తానికి ఒక్కో పుర్రె రెండు నెలల కాలం తీసుకుంటుంది. సంక్రాంతికి బల్ల మీద ఉండవలసిన సరుకు దసరా నాటికే బకెట్లో పడి ఉండాలన్నమాట.

పుంజును నిలబెట్టడం దీనికన్నా నేర్పుగల పని. రొమ్ము మీద గాటు పెట్టి తోలు ఒలిచి, లోపల వెలిగారం (బోరాక్స్) పూసి, ఈకలను కడిగి గాలిలో ఒక్కొక్కటి విప్పి ఆరబెట్టి, కాళ్లలో తీగ దూర్చి, బొమ్మ ఒడలి మీద తొడగాలి. తల మీది జుట్టు, గడ్డం కింది తిత్తులు ఎండగానే ముడుచుకొని నల్లబడతాయి కాబట్టి, వాటిని మైనంతోనో ముద్దతోనో మళ్లీ చేసి రంగు వేయాలి. కోళ్లను ఎరిగిన జనం మధ్య ఇది అమ్ముడుపోవాలంటే కాకి, డేగ, సేతు అని రంగుల పేర్లు తెలిసి ఉండాలి, మెడ ఎత్తి నిలిచే తీరు తప్పకూడదు. నగరాల్లో అలంకరణ కోసం కొనేవారు ఆ తేడా గమనించరేమో కానీ, ఐనవోలులో పుంజు కాళ్ల వాలు చూసి తప్పు పట్టేవారు పది మంది ఉంటారు.

లోపలి ఒడలికి విదేశాల నుంచి ఫోమ్ తెప్పించుకోవలసిన అవసరం లేదని ఇక్కడ గట్టిగా చెప్పాలి. నిర్మల్ బొమ్మలకూ చేర్యాల బొమ్మలకూ వాడే పొణికి చెక్క తేలికైనది, కత్తికి మెత్తగా లొంగుతుంది. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో చేర్యాలవారు బొమ్మల ఆకారాలు తీరుస్తున్నారు. ఆ ముద్దనే కోడి ఒడలికీ, మేక ముఖానికీ వాడుకోవచ్చు. అయితే చింతగింజల జిగురు పురుగులకూ ఇష్టమే కనుక అందులో పటికో వెలిగారమో కలపక తప్పదు. తోలు ఊనడానికి, అంటే పచ్చి తోలును కుళ్లకుండా పదును చేయడానికి, తంగేడు చెక్క, కరక్కాయ ఈ దేశపు చర్మకారులు తరతరాలుగా వాడినవే. తంగేడు పువ్వును రాష్ట్ర పుష్పంగా ఎంచుకున్న చోట దాని బెరడు విలువ కూడా గుర్తుకు రావాలి. మహదేవ్‌పూర్, చెన్నూరు ప్రాంతాల దసలి పట్టుగూళ్లు గుడ్డు ఆకారంలో, చిన్న కాడతో, చేతికి గట్టిగా తగులుతాయి. పురుగు చిమ్మటగా మారి బయటికి వెళ్లిపోయిన గూడును గాజుపెట్టెలో పెడితే పిల్లలకు అంతకన్నా మంచి వింత ఉండదు.

తోలు పని అనగానే ఇంకో విషయం దాటవేయరానిది. తోలు ఊనడం, డప్పు మూయడం వంటి విద్యలను నిలబెట్టినవారు మాదిగలు. ఆ పని చేసినందుకే వారిని ఊరు దూరం పెట్టింది. అదే పని నగరంలో చదువుకున్నవారి చేతిలో కళ అనే పేరు తెచ్చుకొని గాజుపెట్టెలోకి ఎక్కినప్పుడు, ఉప్పు ఎంత పట్టాలో, తోలు ఎప్పుడు చాలునో నేర్పినవారికి పేరూ డబ్బూ రెండూ దక్కాలి. వస్తువు మీద కట్టే చీటీలో తోలు శుద్ధి చేసినవారి పేరు, వారికి ఇష్టమైతే, రాయడం చిన్న పనే, కానీ అది లేకుండా ఈ వ్యాపారానికి గౌరవం లేదు.

ఆ చీటీ, దాని వెనుక ఉండే రిజిస్టరు ఈ కొట్టుకు అసలు పెట్టుబడి. ఒక పేజీ ఎలా ఉండాలో చూద్దాం. వరుస సంఖ్య 41, మేకపోతు పుర్రె, కొమ్ములతో. తెచ్చిన తేదీ, మటన్ దుకాణం పేరు, ఊరు, చెల్లించిన మొత్తం, రశీదు అతికించిన చోటు. కాల్చని తల ఫొటో ఒకటి, పూర్తయిన పుర్రె ఫొటో ఒకటి. అమ్మిన తేదీ, చోటు. రెండు తలల పిల్ల వంటి అరుదైన దేహమైతే పశువైద్యుడు రాసి ఇచ్చిన కాగితం కూడా జతపరచాలి. అటువంటి పిల్ల పుట్టిందన్న కబురు వస్తే, రైతుకు న్యాయమైన ధర ఇచ్చి, తేదీతో సంతకం తీసుకోవాలి. ప్రాణంతో ఉన్నదాన్ని కొని డేరాలో పెట్టి టికెట్ అమ్మడం హింస, ఆ దారికి పోరాదు. ములుగు దాటి పస్రా, తాడ్వాయి మీదుగా మేడారం పోయే అడవి దారిలో అధికారులు బండి ఆపి, కొమ్ముల పెట్టె తెరిపిస్తే, వాదన కన్నా ఈ పేజీ త్వరగా పని చేస్తుంది. కొమ్మును గుర్తు పట్టడమూ కష్టం కాదు. మేక, గొర్రెల కొమ్ము లోపల బోలుగా ఉండే తొడుగు, దుప్పి కొమ్ము లోపల నిండుగా ఉండే ఎముక. అయితే లేడి, కృష్ణజింక వంటి వాటి కొమ్ములూ బోలు తొడుగులే కాబట్టి, ఆ తేడా ఒక్కటే చాలదు, రశీదు ఉండాల్సిందే.

డబ్బు లెక్కకు వస్తే, అమ్మకం ఒక్కదాని మీదే ఆధారపడిన కొట్టు జాతరలో నిలవదు. జాతరకు వచ్చినవారు దర్శనానికీ, బంగారమని పిలిచే మొక్కు బెల్లానికీ, పిల్లల బొమ్మలకూ, తిండికీ డబ్బు తెచ్చుకుంటారు కానీ, రెండు వేల రూపాయల పుర్రె కొనాలని ఎవరూ అనుకొని రారు. చూడడానికి పది ఇరవై రూపాయలు ఇవ్వడానికి మాత్రం వెనుకాడరు. ఒక రోజున 400 మంది 20 రూపాయల చొప్పున ఇచ్చారనుకుంటే 8 వేలు వస్తాయి. స్థలం వేలం, తైబజారు, బండి కిరాయి, కరెంటు, ఇద్దరి కూలి అందులోంచే పోవాలి. చూసినవారిలో కొందరు వంద రూపాయల లోపు కొమ్ము గుండీ, పట్టుగూటి తాళం గొలుసు కొంటారు. పెద్ద వస్తువులు హనుమకొండ, హైదరాబాద్‌లలోని హోటళ్ల అలంకరణకూ, కళాసేకరణ చేసేవారికీ ముందస్తు ఆర్డరు మీద పోతాయి. విడదీసి తీగలతో కట్టిన మేక అస్థిపంజరాన్ని బడులకు రోజు కిరాయికి ఇవ్వడం కూడా ఆలోచించదగినదే. అది జాతరలు లేని నెలల్లో, బడి నడిచే నెలల్లో వచ్చే ఆదాయం.

కొట్టు ఎక్కడ వేయాలన్నదీ లెక్కే. గద్దెలకు, గుడికి దగ్గరగా పుర్రెల బల్ల పెడితే భక్తుల మనసు నొచ్చుకుంటుంది, వారి బాధ సబబైనది. మొక్కు తీర్చిన మేకల కొమ్ములను అక్కడికక్కడ ఏరి సరుకు చేసుకోవడం కూడా మంచిది కాదు. అది అమ్మవారికి ఇచ్చిన జీవం. అడిగి, ఇచ్చినవారి ఒప్పుదలతో తీసుకుంటే వేరు సంగతి. రంగుల రాట్నాలు, బొమ్మల దుకాణాలు ఉండే వైపు ఇటువంటి డేరాకు తగిన చోటు.

ఉగాది తర్వాత బండి ఇంటికి చేరుతుంది, అసలైన శత్రువు తొలకరితో వస్తుంది. గాలిలో తేమ పెరగగానే తోలు మెత్తబడి బూజు పడుతుంది, తోలు పురుగు ఈకల మొదళ్లలో గుడ్లు పెడుతుంది. ప్రతి పదిహేను రోజులకు పెట్టెలు తెరిచి, తెల్ల కాగితం పరిచి, వస్తువును దాని మీద మెల్లగా తట్టి చూడాలి. కాగితం మీద సన్నని పొడి గానీ, గోధుమ రంగు పొట్టు గానీ రాలితే ఆ వస్తువును వెంటనే ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచి, బయటికి తీశాక సంచిలోని చలి పూర్తిగా తగ్గే దాకా ముడి విప్పకుండా ఆగాలి. తొందరపడి విప్పితే చల్లని ఈకల మీద తేమ పట్టి, పురుగు చచ్చినా బూజు మొదలవుతుంది.